కలకత్తా సుగ్గికి పోయిన బడే మియా

2023 ఆగస్టు 15న హైదరాబాదులో మహమ్మద్ హబీబ్ చనిపోయాడు. ఆ రాత్రి నా ఫోనుకు మూడు దిక్కుల నుంచి ఒకే బొమ్మ వచ్చింది. హబీబ్ ముఖం, దాని వెనక మువ్వన్నెల జెండా, కింద 'స్వాతంత్ర్య దినాన కన్నుమూసిన దేశభక్తుడు' అని రాత. పంపినవాళ్ళు పరాయివాళ్ళేం కాదు. ఒకరు ఎమ్మిగనూరులో మదరసా నడిపే పెద్దమనిషి, ఒకరు ఆదోనిలో నా తోటి విలేఖరి, ఇంకొకరు వరసకు నాకు మామూ.

నాకు మండింది. పద్దెనిమిదేళ్ళు కాలి కష్టంతో బతికిన మనిషి పోతే మనకు ముందుగా గుర్తుకొచ్చింది సర్టిఫికెట్టా? అతను ఎట్లా ఆడాడు, ఏం తిన్నాడు, ఎంత సంపాదించాడు, ఎవరి కోసం చెమటోడ్చాడు అనేవి అక్కర్లేదు. చచ్చిపోయిన తేదీ మాత్రం కావాలి. తేదీ కలిసొచ్చింది కదా అని మురిసిపోయాం.

కోపం చల్లారాక చూసుకుంటే ఆ బొమ్మను నేనూ ఇంకో ఇద్దరికి పంపి ఉన్నాను. ఆలోచించకుండానే వేలు నొక్కేసింది. ఆ సిగ్గు నుంచే ఇది రాస్తున్నాను.

హబీబ్ ఎవరని అడిగే తెలుగు పాఠకులు చాలామంది ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు. నేను చదువుకున్న తెలుగు వాచకాల్లో సాయిబు ఉన్నాడు. అత్తరు అమ్మాడు, జట్కా తోలాడు, గుర్రానికి నాడాలు కొట్టాడు, లేకుంటే నవాబై హుక్కా పీల్చాడు. బంతి తన్నిన సాయిబు ఒక్కడూ తగల్లేదు. కలకత్తాలో మాత్రం యాభై ఏళ్ళు దాటిన ఏ రిక్షా మనిషినైనా అడగండి, బడే మియా అంటే ఎవరో చెప్తాడు. అక్కడ ఆ పేరు ఒక్క హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ కూడా అక్కడ పేరుపడ్డ ఆటగాడే కాబట్టి అన్న బడే మియా, తమ్ముడు ఛోటే మియా అయ్యారు.

నాకు హబీబ్ పేరు మా అబ్బా చెప్పాడు. ఏ పుస్తకమూ చెప్పలేదు.

1999 జూన్ 8. కార్గిల్‌లో కాల్పులు, ఇంగ్లండులో ప్రపంచ కప్పు. ఆ రోజు ఇండియా, పాకిస్తాన్ మ్యాచి. నేను డిగ్రీలో ఉన్నాను. ఆదోనిలో ఒక టీ బంకు కాడ టీవీ పెట్టినారు, జనం వీధిలోకి పొంగి ఉన్నారు. వెనక నించి ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతానే అడిగినాడు, "ఏమప్పా, ఈపొద్దు మీవోళ్ళు గెలుస్తారా?" అని. ఆయన నాకు తెలియనివాడు కాదు, మాకు అప్పులిచ్చి ఆదుకున్నవాడే. ఇండియా 47 పరుగుల తేడాతో గెలిచింది. అందరికంటే గట్టిగా అరిచినవాణ్ణి నేను. గొంతు పోయేట్టు అరిచి ఇంటికొచ్చి అన్నం తినలేదు. నా అరుపులో సంతోషం ఎంత, భయం ఎంత అనేది ఈరోజుకీ నేను తేల్చుకోలేదు.

విషయం తెలుసుకున్న అబ్బా తిట్టలేదు, ఓదార్చలేదు. "క్రికెట్టుకు ఏముందిరా, నిలబడి ఆడేది. హబీబ్ ఆడినాడు చూడు, పరిగెత్తి తిన్నోడు వాడు" అన్నాడు. దౌడ్‌కే ఖానేవాలా. మా ఇంట్లో ఉర్దూ అంటే ఈ దక్కనీయే, సభల్లో మాట్లాడే ఉర్దూ కాదు. ఆ రాత్రి అబ్బా హబీబ్ గురించి చానాసేపు చెప్పినాడు. అందులో దేశం మాట ఒక్కసారీ రాలేదు. కూలి మాట చాలాసార్లు వచ్చింది.

మా అబ్బా పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ. హబీబ్‌దీ ఆయనదీ ఒకే ఈడు. బోరాలు మోసి మోసి నలభై దాటకముందే మోకాళ్ళు పోయినాయి. చదువు ఉర్దూ మీడియంలో ఐదో తరగతి. అయినా హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బస్సులో వచ్చే ఉర్దూ పత్రికను మిల్లు గేటు ముందరి హోటల్లో పైకి చదివి తోటి కూలీలకు వినిపించేవాడు. ఆ పత్రికల్లో ఆటల పేజీ అంటే అప్పట్లో ఫుట్‌బాలే. హబీబ్ ఈ ఏడు ఏ క్లబ్బుకు పోయినాడు, ఎవరు ఎంతిస్తామన్నారు అనే సంగతులు హమాలీలకు సొంత కూలిరేటంత ముఖ్యం.

ఇది అర్థం కావాలంటే మా పడమటి కర్నూలు సంగతి చెప్పాలి. మాకు సుగ్గి అనే మాట ఉంది. కన్నడసీమ నుంచి వచ్చిన మాట. అక్కడ కోతల కాలం అని అర్థం. మా దగ్గర మాత్రం వలస అని అర్థం. వాన మొహం చాటేస్తే ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు, మంత్రాలయం పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. ముసలోళ్ళు మిగులుతారు. పిల్లాజెల్లా గుంటూరు మిరపకోతలకో, బెంగుళూరు మేస్త్రీ పనులకో, బొంబాయికో పోతారు. "యాడికి పోయినారు?" "సుగ్గికి పోయినారు." అంతే జవాబు. ఇందులో బోయలూ మాదిగలూ కురవలూ సాయిబులూ అంతా ఒకే లారీ ఎక్కుతారు. హబీబ్ కలకత్తా పోయింది కూడా సుగ్గికే. మా అబ్బాకు అది ఎవరూ చెప్పకుండానే తెలుసు.

కానీ మా ఊళ్ళో మేం చెప్పుకునే చరిత్ర ఇది కాదు. ఆదోని ముస్లింల చరిత్ర రాయమంటే ఎవరైనా కోట దగ్గర మొదలుపెడతారు. బీజాపూర్ సుల్తానుల కింద ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్, ఆయన కట్టించిన జామియా మసీదు, ఆ తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు, 1786లో టిప్పు ముట్టడి. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే నేటి మంత్రాలయాన్ని, ఇచ్చింది సిద్ది మసూద్ ఖానేనని మఠం చెప్పే కథలోనే ఉంది. ఊళ్ళో ఏ గొడవ జరిగినా, శాంతి కమిటీలో మా పెద్దలు లేచి ముందు ఈ కథే చెప్తారు. మంచి కథే, నాకూ ఇష్టమే. కాని గమనించండి, అదీ సర్టిఫికెట్టే. మేం మంచోళ్ళం, మమ్మల్ని ఉండనివ్వండి అని మూడొందల యాభై ఏళ్ళ కిందటి పాలకుడి చేత సంతకం పెట్టించుకుంటున్నాం.

ఆ పాలకులకూ మాకూ ఏం సంబంధం? బోరా మోసే హమాలీ, పత్తి ఏకే దూదేకుల మనిషి, ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునే మనిషి, బీడీలు చుట్టే ఆడమనిషి, వీళ్ళెవరూ బసాలత్ జంగ్ వారసులు కారు. ఉర్దూ మాట్లాడతామన్న ఒక్క గర్వంతో మాలో కొందరు దూదేకుల వాళ్ళను తక్కువగా చూడడం కూడా ఈ నవాబీ మత్తులో భాగమే. జేబులో జాగీరు కాగితం లేదు, మాటల్లో మాత్రం జాగీరు.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. తుంగభద్రకు దక్షిణాన ఉన్న మేం మద్రాసు మనుషులమైనాం. బళ్ళారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రంతో కర్నూలు జిల్లాకు మారాం. ఏటికి అవతల రాయచూరు నిజాం రాజ్యంగానే ఉండిపోయింది. ఒకే దక్కనీ మాట, ఒకే పెళ్ళి సంబంధాలు, నడుమ నీళ్ళు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగినప్పుడు ఆ నీళ్ళే మమ్మల్ని కాపాడినాయి. అవతల ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి రాసింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారన్నది వాళ్ళ అంచనా. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. పారిపోయి ఏరు దాటి వచ్చినవాళ్ళు చెప్పింది మా నానీ చెప్పేది, గొంతు తగ్గించి.

హబీబ్ పుట్టింది 1949 జులై 17న. నిజాం సైన్యం లొంగిపోయిన పది నెలలకు. అప్పటి హైదరాబాదు ముస్లిం ఇళ్ళలో ఉద్యోగాలు పోతున్నాయి, జాగీర్లు రద్దయినాయి, వాటిని నమ్ముకున్న నౌకర్లూ వంటవాళ్ళూ జట్కావాళ్ళూ వీధిన పడ్డారు. చదువుకున్నవాళ్ళు కొందరు కరాచీ ఓడ ఎక్కారు. మిగిలినవాళ్ళ మీద 'వీళ్ళు ఎవరి పక్షం?' అనే ప్రశ్న వేలాడుతూ ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ అనే జట్టు దేశాన్ని గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పూ తెచ్చింది. జట్టులో ఎక్కువమంది ముస్లిం కుర్రాళ్ళు, కానిస్టేబుళ్ళ కొలువు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. ఆయనే దేశానికీ శిక్షకుడై 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చాడు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. ఆయన మీద 2024లో సినిమా వచ్చింది, హిందీలో. తీయాల్సింది మనం, తీసింది బొంబాయి.

ఈ జట్టు గురించి మనవాళ్ళు రాసేటప్పుడు 'గాయపడిన జాతి ఆత్మగౌరవం' అంటారు. ఉండొచ్చు. నాకు కనపడేది ఇంకా మోటు సంగతి. కొలువులు ఊడిపోతున్న కాలంలో బంతి బాగా తంతే పోలీసులో కొలువు దొరికేది. మైదానం ఒక ఎంప్లాయిమెంటు ఆఫీసు. గల్లీ పిల్లలు బూట్లు లేకుండా తెల్లవారుజామున మైదానానికి పరిగెత్తారంటే ఇంట్లో పొయ్యి వెలిగే దారి అదొక్కటే కనబడింది కాబట్టి. హబీబ్ ఇంట్లో అన్నదమ్ములంతా ఆటగాళ్ళే అయ్యారు. ఒక ఇంట్లో ఒక్కడు ఆటగాడైతే అది వరమని చెప్పుకోవచ్చు. అందరూ అయితే అది కులవృత్తి లాంటిది.

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఫైనల్లో ఓడింది బెంగాల్. గెలిచిన రాష్ట్రం ఆటగాళ్ళకు చేసిందేమిటో గాని, ఓడిన రాష్ట్రం మాత్రం మంచి ఆటగాళ్ళను కొనుక్కుపోయింది. 1966లో హబీబ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు చేరాడు. పదిహేడేళ్ళు నిండని వయసు. అతనితో పాటు నయీముద్దీన్ కూడా. అక్కడి నుంచి 1984 దాకా అతని జీవితం కలకత్తా సుగ్గి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడింటి మధ్యే తిరిగాడు. ఏ ఏడు ఎవరు బాగా ఇస్తే, ఎవరు గౌరవంగా పిలిస్తే వాళ్ళ దగ్గరికి.

కలకత్తాలో ఆ రోజుల్లో జట్లు మారే కాలం వస్తే ఊరంతా జాతరే. సంతకం పడేదాకా ఆటగాణ్ణి దాచిపెట్టేవాళ్ళు, ఒకరు దాచినవాణ్ణి ఇంకొకరు ఎత్తుకుపోయేవాళ్ళు. ఇంత డబ్బు తిరుగుతున్నా కాగితం మీద అందరూ సరదాకు ఆడేవాళ్ళే! వృత్తి ఆటగాడు అనే మాటకు దేశంలో చోటే లేదు. దేశవ్యాప్త లీగు మొదలైందే 1996లో. అందుకని ఆటగాళ్ళంతా ఒక తెలివైన పని చేసేవాళ్ళు. బ్యాంకులోనో రైల్వేలోనో పోర్టులోనో కస్టమ్స్‌లోనో ఒక ఉద్యోగం పట్టుకునేవాళ్ళు. సంతకం పెట్టి మైదానానికి పోయేవాళ్ళు. కాలు విరిగినా జీతం వస్తుంది, ముసలితనంలో పింఛను వస్తుంది.

హబీబ్ ఉద్యోగం వద్దన్నాడు. ఈ దేశంలో మొదటి అసలుసిసలు వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు హబీబేనని కలకత్తావాళ్ళు అంటారంటే దీనివల్లే. బంతి ఆడడమే నా పని, ఇంకో పని చేస్తున్నట్టు నటించను అన్నాడు.

ఈ మాట మామూలుది కాదు. మా అబ్బా కూడా ఇక్కడికొచ్చేసరికి ఆగేవాడు. "నౌకరీ నక్కో బోలా వో" అని తల ఊపేవాడు. మెచ్చుకోలా, జాలా? రెండూ ఉండేవి. హమాలీకి తెలుసు, ఒంటిని నమ్ముకోవడం అంటే ఏమిటో. ఒక్క రోజు జ్వరమొస్తే ఆ రోజు కూలి లేదు. వెన్ను పడితే బతుకు పడినట్టే. అది తెలిసీ ఒకడు భద్రమైన కుర్చీ వద్దంటున్నాడంటే వాడికి తన పని మీద ఎంత గౌరవం ఉండాలి! మనం మెహనత్‌కు విలువ ఇవ్వాలని మిల్లు గేట్ల దగ్గర ఉపన్యాసాలు ఇస్తాం. ఆట కూడా మెహనతేనని, దానికి కూలి అడగడం తప్పు కాదని చెప్పినవాడు నాకు తెలిసి ఈయనే.

ఆడే తీరు కూడా పనివాడి తీరే. పొట్టి మనిషి. చూడముచ్చటైన విన్యాసాల కంటే అలుపెరగని పరుగుకు పేరు. ఫార్వర్డ్ అయి ఉండి, బంతి పోతే వెనక్కి తన గోలు దాకా పరిగెత్తి ఎదుటివాడి కాళ్ళ మధ్య నుంచి లాక్కునేవాడు. పెద్ద ఒళ్ళున్న డిఫెండర్లు గుద్దితే పడి, లేచి, మళ్ళీ వాళ్ళ మీదికే పోయేవాడు. 1969లో నౌగాంగ్‌లో జరిగిన సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున 11 గోల్స్ కొట్టాడు. అందులో ఐదు సర్వీసెస్ మీద ఫైనల్లోనే. మరుసటేడు బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి ఇండియా కంచు పతకం తెచ్చుకుంది. ఆ జట్టులో హబీబ్ ఉన్నాడు, కెప్టెన్ నయీముద్దీన్. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మనకు మళ్ళీ రాలేదు.

1970 నుంచి 1974 వరకు మళ్ళీ ఈస్ట్ బెంగాల్. ఆ ఐదేళ్ళూ కలకత్తా లీగు వాళ్ళదే. 1970లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ క్లబ్బును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు ఎత్తుకున్నారు.

ఈ ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఎవరు? ఇక్కడ మనం కాసేపు ఆగాలి. 1920లో పుట్టిన ఈ క్లబ్బుకు దేశవిభజన తర్వాత కొత్త జనం వచ్చారు. తూర్పు బెంగాల్లో ఇల్లూ పొలమూ చెరువూ పోగొట్టుకుని, శియాల్దా స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద బతికి, ఊరి చివర గుడిసెలు వేసుకున్న హిందూ శరణార్థులు. వాళ్ళలో చాలామంది ముస్లింల చేతుల్లో దెబ్బతిని వచ్చినవాళ్ళు. ముస్లిం పేరు వింటే ఒళ్ళు మండడానికి వాళ్ళకు కారణాలు ఉన్నాయి. ఇవతల హబీబ్, పోలీసు యాక్షన్ తర్వాతి హైదరాబాదులో పుట్టిన ముస్లిం. అతనికీ కారణాలున్నాయి. దేశవిభజన గాయం ఒకరిది, దక్కన్ గాయం ఇంకొకరిది. ఈ ఇద్దరూ ఒక మైదానంలో ఎదురుపడ్డారు, శరణార్థులు అతన్ని బడే మియా అని భుజాలకెత్తుకున్నారు. దాన్నొక మతసామరస్య కథగా చెప్పేస్తే తేలిక. నేనట్లా చెప్పను. అతను వాళ్ళ కోసం ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తాడు, వాళ్ళు ఆ పరుగును గుర్తుపట్టారు. అన్నీ పోయి ఒంటి కష్టం మీద మళ్ళీ లేచినవాళ్ళకు ఇంకో ఒంటి కష్టం కనబడుతుంది.

అంతకుముందు కూడా ఆ క్లబ్బులో ఇలాంటి వింత ఒకటుంది. 1950ల మొదట్లో వాళ్ళ ఐదుగురు ఫార్వర్డ్‌లను కలకత్తా పంచపాండవులు అనేది. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వలసకూలీలే. వాళ్ళలో ఇద్దరు ముస్లింలు, అయినా పాండవులే. ఎవరూ నొచ్చుకున్నట్టు లేదు.

మరి మహమ్మడన్ స్పోర్టింగ్? అది మన క్లబ్బు అనుకునేవాళ్ళకు దాని చరిత్ర గర్వకారణమే. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచిన క్లబ్బు. లీగు గెలిచిన మొదటి భారతీయ జట్టు కూడా అదే. ఆ రోజుల్లో దేశమంతా ముస్లిం పిల్లలు దాని పేరు చెప్పుకుని రొమ్ము విరుచుకునేవారు. హబీబ్ అక్కడ 1975లో ఆడాడు, 1979లో మళ్ళీ ఆడాడు. ఆడి బయటికొచ్చాడు. అదేదో ఖౌముకు చేసిన సేవ అనలేదు. వచ్చేసినందుకు ద్రోహమూ అనుకోలేదు. ఆ తెల్ల నలుపు చొక్కా అతనికి ఒక ఏడాది పని. ముస్లిం కాబట్టి ముస్లిం క్లబ్బులోనే ఉండాలనేవాళ్ళకూ, ముస్లిం కాబట్టి జెండా పట్టుకుని నిలబడాలనేవాళ్ళకూ అతను ఒకే జవాబు చెప్పినట్టు నాకనిపిస్తుంది: నా కూలి ఎంత, మ్యాచి ఎప్పుడు?

ఇక 1977 సెప్టెంబరు 24. మా అబ్బాకు తేదీతో సహా నోటికొచ్చు. న్యూయార్క్ కాస్మోస్ అనే అమెరికా క్లబ్బు కలకత్తా వచ్చింది, పెలేతో సహా. మోహన్ బగాన్‌తో మ్యాచి, ఈడెన్ గార్డెన్స్‌లో. వాన పడి మైదానం బురద. పెలే పాదాలకు ఏమన్నా అయితే ఎట్లాగని అమెరికా వాళ్ళు భయపడ్డారు. మ్యాచి 2-2తో సమానమైంది. మోహన్ బగాన్ తరఫున ఒక గోలు శ్యాం థాపాది, ఒకటి హబీబ్‌ది. రంజాన్ పండగ వెళ్ళి వారం పది రోజులు. మరునాడో ఆ మరునాడో పత్రిక ఆదోని చేరింది. అబ్బా హోటల్లో బల్ల ఎక్కి చదివినాడట. ఆటయ్యాక పెలే హబీబ్‌ను మెచ్చుకున్నాడని కలకత్తాలో ఈనాటికీ చెప్పుకుంటారు.

పెలే మాత్రం ఎవరు? బ్రెజిల్లో రిటైరయ్యి, వ్యాపారాల్లో దెబ్బతిని, 1975లో డబ్బు కోసం అమెరికా సుగ్గికి పోయిన నల్లమనిషి. కలకత్తా మ్యాచి తర్వాత వారానికే, అక్టోబరు 1న, జెయింట్స్ స్టేడియంలో తన చివరి మ్యాచి ఆడాడు. ఆ స్టేడియం అసలు కట్టింది ఇంకో ఆట కోసం. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని మనుషుల గోడలోకి దూసుకుపోయే ఆట. అందులో బంతి మోసుకుని పరిగెత్తే పని చేసేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. ఎక్కువ దెబ్బలు తినేది వాడే. వాడి పని జీవితం సగటున మూడేళ్ళయినా నిలవదని ఆటగాళ్ళ సంఘమే లెక్క చెప్పింది. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ ఆటగాళ్ళకు 1956 నుంచీ సంఘం ఉంది. సమ్మెలు చేశారు, కోర్టుకెక్కారు, వాళ్ళ వంటికి వాళ్ళే ధర అడిగారు. అక్కడ మూడేళ్ళ పరుగుకు ఇన్ని కాగితాలు. ఇక్కడ పద్దెనిమిదేళ్ళ పరుగుకు క్లబ్బు పెద్దమనిషి నోటిమాట.

ఆ ఏడు మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డు, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. 1980లో హబీబ్‌కు అర్జున అవార్డు ఇచ్చారు. ముప్పై దాటాక కూడా ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ ఆడి, 1984లో బూట్లు విప్పాడు. తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ పిల్లలకు ఆట నేర్పాడు. చివరికి హైదరాబాదు చేరుకున్నాడు. పార్కిన్సన్స్ వచ్చింది, మతిమరుపు వచ్చింది.

అదే 2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం కూడా పోయాడు, కలకత్తాలో. సికింద్రాబాదు అమ్ముగూడ పిల్లవాడు, రహీం తయారుచేసినవాడు, జకార్తా బంగారు జట్టు మనిషి. ముస్లిం కాదు. సుగ్గికి పోయి వెనక్కి రాలేదు, బెంగాల్లోనే ఉండిపోయాడు. తెలుగు పత్రికల్లో అతనికీ చిన్న జాగానే దొరికింది. కాబట్టి హబీబ్‌ను మరిచిపోవడం ఉత్త మతం సంగతి కాదని ఒప్పుకోవాలి. కాళ్ళతో బతికినవాళ్ళను మరిచిపోవడం మనకు అలవాటు. ముస్లిం అయితే ఇంకాస్త సులువు, అంతే. ఆరునెలల తేడాతో ఒకే నగరానికి చెందిన ఇద్దరు పోతే ఒకరికి జెండా కట్టి ఇంకొకరికి కట్టలేదెందుకు? బలరాంను దేశభక్తుడని ఎవరూ నిరూపించనవసరం లేదు కాబట్టి. అతను ఉత్త ఆటగాడుగా చనిపోగలిగాడు. హబీబ్‌కు ఆ వీలు మనమే ఇవ్వలేదు.

నా మిత్రుడైన సెక్యులర్ పాఠకుడు ఇక్కడ అడగొచ్చు, 'మరి ఈ రోజుల్లో మీ మీద ఇన్ని నిందలు వేస్తుంటే, హబీబ్ పేరు చెప్పుకుంటే తప్పేముంది?' అని. చెప్పుకోండి. నేనూ చెప్పుకుంటున్నాను. కాని పరీక్ష పెట్టినవాడి ముందు మంచి విద్యార్థిని నిలబెడితే పరీక్ష న్యాయమైనదని ఒప్పుకున్నట్టవుతుంది. హబీబ్ అంత ఆడలేనివాడు, నా అబ్బా లాంటి హమాలీ, ఎమ్మిగనూరు మార్కెట్టు యార్డులో వేరుశనగ చేట పట్టే ఖాదర్‌బీ, వాళ్ళు ఏ పతకం చూపించాలి? వాళ్ళు ఏమీ చూపించకుండా ఈ ఊళ్ళో ఉండొచ్చా, ఉండకూడదా?

ఆ ఆగస్టు 16 పొద్దున నేను ఆదోనిలో అబ్బా దగ్గరికి పోయినాను. పత్రికల నిండా జెండా వందనం ఫొటోలు. ఉర్దూ పత్రికలో మాత్రం హబీబ్ బొమ్మ పెద్దగా వేసినారు. అబ్బా ఇప్పుడు చదవలేడు, చూపు ఆనదు. మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నేను చదివి వినిపించినాను. ఏ ఏడు ఏ క్లబ్బు, ఎన్ని గోల్స్, ఏ అవార్డు, ఎవరెవరు సంతాపం చెప్పినారు, అంతా విన్నాడు. 1977 మ్యాచి కాడ "బారిష్ మే" అని తనే అందుకున్నాడు. చివరంటా విని కాసేపు ఊరుకున్నాడు.

"పింఛను ఏమన్నా ఉండెనా వాడికి?" అన్నాడు.

అది పత్రికలో రాయలేదన్నాను. నూనె సీసా మూత పెట్టి, రెండో మోకాలు ముందుకు జరుపుకున్నాడు.